మగ్గం మనది, అంగడి ఎవరిది?

1

"ఆన్‌లైను వచ్చింది, దళారీ పోయాడు" అనే మాట యీ మధ్య తరచు వినిపిస్తున్నది. ప్రభుత్వ ప్రకటనల్లో వినిపిస్తే ఆశ్చర్యం లేదు. కాని అభ్యుదయవాదులమని చెప్పుకొనేవాళ్ల నోట కూడా వినిపిస్తున్నది గనుక దీన్ని పరీక్షించవలసి వుంది. దీనికి ఎదురుగా మరో మాట వుంది. కంపెనీల ఆన్‌లైను అంగళ్లు దోపిడీ చేస్తున్నాయి. అందుచేత శ్రామికులే సంఘంగా చేరి తమ అంగడి తామే పెట్టుకొంటే సమస్య తీరుతుంది అని. మొదటి మాట భ్రమ. రెండో మాటలో నిజం వుంది, కాని సగమే వుంది. మిగిలిన సగం ఏమిటో చెప్పటం యీ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేరు సంగతి. కంపెనీలు తమ అంగడిని "ప్లాట్‌ఫారం" అంటాయి. రైల్వే ప్లాట్‌ఫారం మీద ఎవరైనా నిలబడవచ్చు. అక్కడ యజమాని కంటికి కనిపించడు. అంగడి అంటే మాత్రం వెంటనే "ఎవరి అంగడి?" అని అడగాలనిపిస్తుంది. అందుచేత నేను అంగడి అనే అంటాను.

ఇటువంటి విషయాలను గాలిలో చర్చించి లాభం లేదు గనుక ఒక ఊరిని తీసుకొంటాను. రాజోలి జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర ఒడ్డున వుంది. కృష్ణా తుంగభద్రల నడుమ వున్న యీ భూమిని నడిగడ్డ అంటారు. నదికి అవతల ఒడ్డు కర్నూలు జిల్లా, అంటే యిప్పుడు వేరే రాష్ట్రం. దేశమంతా గద్వాల చీర అని పిలిచే చీరను గద్వాల పట్టణంలోనే కాదు, రాజోలిలోనూ చుట్టుపట్ల ఊళ్లలోనూ నేస్తారు. నూలు ఒంటికి పట్టు అంచును నేతలోనే కలపటం ఆ చీర ప్రత్యేకత. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచింది. ఇళ్లతోపాటు మగ్గాలూ, నూలూ, మగ్గం మీద వున్న పడుగులూ పోయాయి. మళ్లీ మగ్గాలు వేసుకొన్నారు, మళ్లీ నేశారు. పనిలో వీళ్లకు లోటు లేదు. లోటు ఎక్కడ వున్నదో చూడాలి.

2

మార్క్సిజం మొదటి పాఠం చదివిన విద్యార్థి రాజోలికి వస్తే కొంచెం తికమకపడతాడు. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో వుంటే వాడు యజమాని అని అతను చదువుకొన్నాడు. ఇక్కడ మగ్గం నేతగాడిదే. చాలా సందర్భాల్లో ఇల్లూ అతనిదే. నాడె అతనిది, అచ్చు అతనిది, నైపుణ్యం అతనిది. మరి అతను యజమాని ఎందుకు కాలేదు?

ఎందుకంటే మగ్గానికి రెండు కొసలు వున్నాయి. ఒక కొసన నూలూ పట్టూ జరీ రావాలి. రెండో కొసన చీర అమ్ముడుపోవాలి. ఈ రెండు కొసలూ మాస్టర్ వీవర్ చేతిలో వుంటాయి. అతను సరుకిస్తాడు, రంగూ అంచూ చెబుతాడు, నేసిన చీర తీసుకొని మజూరీ కడతాడు. అవసరానికి అప్పు కూడా యిస్తాడు. ఆ అప్పు మజూరీ లెక్కలో తీరుతూ తీరుతూ, తీరకుండా వుంటుంది. నేతగాడి మగ్గం నేతగాడి ఇంట్లో వుండటం షావుకారుకు నష్టం కాదు, లాభం. షెడ్డు కట్టనక్కర్లేదు, మగ్గం కొననక్కర్లేదు, వానాకాలం గుంటలోకి నీళ్లు దిగి పని ఆగితే ఆ రోజుల కూలి యివ్వనక్కర్లేదు. ఐరోపాలో ఫ్యాక్టరీలు రాకముందు వర్తకులు ఇళ్లకు ఉన్ని పంచి బట్ట తీసుకొన్న పద్ధతి యిదే.

ఇప్పుడు హైదరాబాదు వీథుల్లో కారు నడిపే యువకుణ్ణి చూడండి. కారు అతనిదే, దాని మీది బాంకు అప్పూ అతనిదే. పెట్రోలు అతను పోయించుకొంటాడు, ప్రమాదం జరిగితే అతనే పడతాడు. కంపెనీ చేతిలో వున్నదల్లా ప్రయాణికుడు ఎక్కడ వున్నాడో తెలిపే సమాచారమూ, ధర నిర్ణయించే అధికారమూను. అతన్ని ఉద్యోగి అనరు, "భాగస్వామి" అంటారు. రాజోలి నేతగాణ్ణి కూడా ఎవరూ కూలివాడనరు, "కళాకారుడు" అంటారు. రెండు బిరుదులూ చేసే పని ఒకటే. యజమాని బాధ్యతను కనపడకుండా చేస్తాయి.

కొత్త ఆర్థిక వ్యవస్థ అని మనం దేన్ని పిలుస్తున్నామో దాని అస్థిపంజరం నేతపనివారికి వందల ఏళ్లుగా పరిచయమైనదే. సాధనం పనివాడిది, మార్కెట్టు మరొకడిది. ఈ సంగతి గుర్తిస్తే ఆన్‌లైను అంగడి దళారీని తొలగిస్తుందా, మార్చుతుందా అనే ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

3

నేను ఆన్‌లైను అమ్మకాన్ని తోసిపుచ్చటం లేదు. రాజోలిలో చదువుకొన్న పిల్లలు సెల్‌ఫోనులో చీరను ఫొటో తీసి వాట్సాపులో హైదరాబాదుకూ బెంగుళూరుకూ పంపి అమ్ముతున్నారంటే అది మంచి విషయమే. షావుకారు చెప్పిన ధర తప్ప వేరే ధర తెలియని రోజులు పోతున్నాయి. అమ్మకపు ధర తెలిసిన నేతగాడు మజూరీ బేరం మరో గొంతుతో ఆడతాడు. ఇది చిన్న విషయం కాదు.

కాని పదిమంది పరిచయస్థులకు అమ్మటం వేరు, దేశమంతటికీ అమ్మటం వేరు. దేశమంతటికీ అమ్మాలంటే పెద్ద కంపెనీ అంగడిలోకి వెళ్లాలి. అక్కడ కమీషను వుంటుంది, రవాణా ఖర్చు వుంటుంది, ముందు వరసలో కనిపించాలంటే ప్రకటనల ఖర్చు వుంటుంది. మడత విప్పి చూసి "రంగు నచ్చలేదు" అని తిప్పి పంపిన చీర భారం చాలావరకు అమ్మినవాడి మీదే పడుతుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైనది చూపించే వరస. వెతికినవాడికి మొదట ఏ చీర కనపడాలి, ఏది వందో చీరగా అడుగున పడాలి అనేది కంపెనీ కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయానికి కారణాలు అమ్మేవాడికి తెలియవు. బజారులో మూల దుకాణం దొరికినవాడు కనీసం తాను మూలన వున్నానని ఎరుగును. ఇక్కడ ఆ ఎరుక కూడా లేదు.

గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు వుంది. అంటే ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు, అక్కడి నేతపనివారందరి ఉమ్మడి ఆస్తి. ఆ పేరు తగిలించుకొని మరమగ్గం బట్ట అమ్ముడుపోతున్నదని నేతపనివారు మొరపెట్టుకొంటున్నారు. ఉమ్మడి ఆస్తికి చట్టంలో రక్షణ వుండి అంగడిలో లేకపోతే, అంగడి నియమం చట్టాన్ని మించినదన్నమాట.

అంగడి యజమాని తానే అమ్మేవాడు కూడా ఐతే ఏమవుతుంది? కొందరు అమ్మకందార్లకు ప్రత్యేక అనుకూలత చూపుతున్నారనే ఫిర్యాదు మీద అమెజాన్, ఫ్లిప్‌కార్టులపై విచారణకు 2020 జనవరిలో కాంపిటిషన్ కమిషన్ ఆదేశించింది. మన దేశంలో అమెజాన్ యితరుల సరుకులను అనుకరించి తన సొంత పేరుతో అమ్మి, వెతికినవాళ్లకు వాటిని ముందు చూపించిందని 2021 అక్టోబరులో రాయిటర్స్ సంస్థ రాసింది. కంపెనీ కాదన్నది. ఎవరిది నిజమని తేల్చటం నా పని కాదు. నేను గమనించమనేది ఒక్కటే: అంగడిలో లెక్కలన్నీ ఎవరికి కనిపిస్తాయో వారికి అలా చేసే అవకాశం వుంది. అమ్మేవాడికి అది జరిగిందో లేదో తెలుసుకొనే అవకాశం కూడా లేదు.

ప్రభుత్వ నియమాల సంగతి మరొకటి. 2017లో చేనేత బట్టమీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆన్‌లైను అంగడి ద్వారా సరుకు అమ్మేవాడు ఎంత చిన్నవాడైనా జీఎస్టీలో నమోదు కావాలనే నియమం చాలా కాలం నడిచింది. 2023 అక్టోబరు 1 నుంచి చిన్నవాళ్లకు మినహాయింపు వచ్చింది గాని, అది రాష్ట్రం లోపల అమ్మకాలకే. రాజోలి నేతగాడు ఆన్‌లైను అంగడి ద్వారా రెండు వందల కిలోమీటర్ల అవతల వున్న హైదరాబాదుకు చీర పంపవచ్చు. ఏటి అవతలి ఒడ్డుకు మాత్రం నమోదు లేకుండా పంపకూడదు! "దేశమంతా ఒకే మార్కెట్టు" అనే నినాదం తుంగభద్ర దగ్గర ఆగిపోయింది.

4

ఆ తుంగభద్రమీదే ఒక పాత కథ వుంది. రాజోలికి సమీపాన నదిమీద వున్న సుంకేసుల దగ్గరనుంచి కర్నూలు-కడప కాలువ బయలుదేరుతుంది. దాన్ని మొదట తవ్వింది ప్రభుత్వం కాదు. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు వాటాదార్ల కంపెనీ. 1860ల్లో పని సాగింది. పెట్టుబడిమీద 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ వుంది. రైతులు అనుకొన్నంతగా నీళ్లు తీసుకోలేదు; కంపెనీ లెక్కలు తప్పాయి. ఐనా వాటాదార్ల 5 శాతం ఆగలేదు, ఎందుకంటే అది దేశపు రెవెన్యూ నుంచి, అంటే ఆ కాలువ నీరు ఏనాడూ చూడని రైతు కట్టిన శిస్తు నుంచి కూడా వచ్చేది. చివరకు 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనేసింది.

ఈ కథలో రెండు పాఠాలు వున్నాయి. అందరూ వాడుకోవలసిన కాలువ కొందరి లాభానికి సొత్తుగా వుండటం వింతగా తోచని కాలం ఒకటి వుండేది. ఈనాడు ఎవరైనా తుంగభద్ర కాలువను వాటాదార్లకు అప్పగించమంటే నడిగడ్డ రైతు నవ్వుతాడు. సరుకులూ మనుషులూ సమాచారమూ ప్రవహించే యీనాటి కాలువలు వాటాదార్ల చేతిలో వుండటం మాత్రం మనకు సహజంగా తోస్తున్నది. ఇది మొదటి పాఠం. రెండోది: కాలువ ప్రభుత్వం చేతికి వచ్చినంత మాత్రాన రైతు చేతికి రాలేదు. కంపెనీ పోయి ఇంజనీరు వచ్చాడు, నీటివంతు నిర్ణయం పైవాళ్ల దగ్గరే వుండిపోయింది. కంపెనీ నుంచి సర్కారుకు మారటం ఒక మెట్టు. సర్కారు నుంచి సభ్యుడికి మారటం మరో మెట్టు. మన సహకారోద్యమం జారిపడింది యీ రెండో మెట్టు దగ్గరే.

5

సహకారం నేతపనివారికి కొత్త కాదు. 1844 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది పనివాళ్లు తలా ఒక పౌను వేసుకొని చిన్న దుకాణం పెట్టారు. వారిలో నేతపనివారు కూడా వున్నారు. పిండీ వెన్నా చక్కెరా కొవ్వొత్తులూ వారి సరుకు. దుకాణాలు అంతకు ముందూ వున్నాయి. వారు కొత్తగా తెచ్చింది నియమం. వాటా ఎంత వున్నా మనిషికి ఒకటే ఓటు. లెక్కలు సభ్యులందరి ముందు పెట్టాలి. సహకారం ప్రాణమంతా ఆ నియమంలో వుంది.

మన దేశంలో 1904లో సహకార పరపతి చట్టం వచ్చింది. 1935లో మద్రాసు రాష్ట్ర చేనేత సహకార సంఘం ఏర్పడింది. ప్రగడ కోటయ్య వంటివారు జీవితమంతా చేనేత సంఘాల కోసం పనిచేశారు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ విడివిడిగా వున్న పై సంఘాలు కలిసి 1976లో ఆప్కో వచ్చింది. దానికి రెండేళ్లు ముందు, 1974లో, శివరామన్ సంఘం నూటికి అరవై మగ్గాలను సహకార రంగంలోకి తీసుకురావాలని సిఫారసు చేసింది. లక్ష్యం మంచిదే. కాని లక్ష్యం పైనుంచి దిగినప్పుడు అంకె ముందు వస్తుంది, మనిషి వెనక వస్తాడు. కాగితం మీద సంఘాలు పుట్టాయి. షావుకారే తన బంధువులను సభ్యులుగా రాయించి అధ్యక్షుడైన సంఘాలు పుట్టాయి. నిజమైన సంఘాలు ప్రభుత్వ కొనుగోళ్లమీద ఆధారపడి, బకాయిలు రాక, నూలు కొనటానికి డబ్బు లేక కుంగిపోయాయి. ఏళ్ల తరబడి ఎన్నికలు లేక పర్సన్ ఇన్‌ఛార్జీల చేతిలో పడిన సంఘాలు ఎన్నో. ఓటు పోయిన తర్వాత సహకార సంఘంలో మిగిలేది బోర్డు మాత్రమే.

ఫలితం ఏమిటో నాలుగో చేనేత గణాంకాలు చెబుతున్నాయి. 2019-20లో దేశంలో చేనేత కుటుంబాలు 31.45 లక్షలు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల కుటుంబాల ఆదాయం నెలకు 5,000 రూపాయలు దాటలేదు. ఈ లెక్క బయటపడిన కాలంలోనే, 2020లో, కేంద్రం అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది.

కొందరు మిత్రులు "సహకారం విఫలమైంది" అంటారు. నేను ఒప్పుకోను. ప్రయత్నించి విఫలమైనదాన్ని విఫలమైంది అనవచ్చు. నేత సంఘాల్లో సహకారాన్ని చాలాచోట్ల ప్రయత్నించనేలేదు. సర్కారు పంపిణీని సహకారమనే పేరుతో నడిపారు. ప్రయత్నించినచోట ఫలితం కూడా కనిపిస్తుంది. నాటి కరీంనగర్ జిల్లా ములుకనూరులో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి పూనికతో మొదలైన గ్రామీణ సహకార బాంకు వుంది. అక్కడే 2002లో మొదలైన మహిళా పాడి సహకార సంఘం వుంది. పాలు పోసే స్త్రీలే సభ్యులు, వారు ఎన్నుకొన్నవారే పాలకవర్గం. ఈ రెండో సంఘం 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఏర్పడింది. ప్రభుత్వ వాటాధనం తీసుకోని సంఘాలను రిజిస్ట్రారు పెత్తనం నుంచి ఆ చట్టం చాలావరకు విడుదల చేసింది. సభ్యుల డబ్బు వున్నచోట సభ్యుల నిఘా వుంటుంది.

6

ఇంత వెనక్కు పోవటానికి కారణం వుంది. ఆన్‌లైను సహకారం గురించి రాసేవాళ్లు అది నిన్న పుట్టినట్టు రాస్తున్నారు. న్యూయార్కులోని అధ్యాపకుడు ట్రెబర్ షోల్జ్ 2014లో దీనికి "ప్లాట్‌ఫారం కోఆపరేటివిజం" అని పేరు పెట్టాడు. శ్రామికులూ వాడుకదార్లూ స్వంతం చేసుకొని ఓటుతో నడిపే ఆన్‌లైను అంగడి అని దాని అర్థం. ఆ ఆలోచన విలువైనదే. ఐతే దాని పేరున చెప్పే ఉదాహరణలను ఒక్కొక్కటిగా చూడాలి.

కెనడాలో 2013లో మొదలైన స్టాక్సీ ఫొటోగ్రాఫర్ల సహకార సంఘం. దాన్ని పెట్టిన మనిషి అంతకుముందు ఐస్టాక్ అనే కంపెనీ పెట్టి, 2006లో గెట్టీ కంపెనీకి అమ్మాడు. తర్వాత ఫొటోగ్రాఫర్ల వాటా తగ్గటం చూసి యీసారి వాళ్లనే యజమానులుగా చేశాడు. సంఘం నిలిచింది. కాని అది సభ్యుల సంఖ్యకు హద్దు పెట్టుకొని నిలిచింది. ఎంపికైన కొద్దిమందికి తలుపు తెరిచే సంఘం నమూనాగా రాజోలికి పనికిరాదు. ఇక్కడ మంచి నేతగాళ్లు పదిమందిని ఏరుకొని మిగిలినవాళ్లను షావుకారుకు వదిలితే, ఆ పదిమంది రేపు షావుకార్లవుతారు. జర్మనీలో 2012లో మొదలైన ఫెయిర్‌మోండో అందరికీ తలుపు తెరిచింది. కాని పెద్ద కంపెనీకి దీటుగా ఎదగలేకపోయింది.

మన దేశంలో చూద్దాం. బెంగుళూరులో 2022లో వచ్చిన నమ్మ యాత్రి ఆటో డ్రైవర్ల యూనియనుతో కలిసి మొదలైంది. కమీషను లేదు, డ్రైవరు కొద్ది రుసుము కడతాడు. మేలే. కాని సాంకేతికం ఒక కంపెనీది, 2024లో గూగుల్ మొదలైన పెట్టుబడిదార్లు అందులో డబ్బు పెట్టారు. అదే 2022లో కేరళ ప్రభుత్వం కేరళ సవారీ పెట్టింది. మొదట్లో సేవా రుసుము 8 శాతం వుండేది. ఇదీ మేలే. కాని యజమాని ప్రభుత్వం. 2025లో సహకార టాక్సీ అనే బహుళ రాష్ట్ర సంఘం నమోదైంది, భారత్ టాక్సీ దాని అంగడి. దీని వెనక అమూల్, ఇఫ్కో, నాబార్డు వంటి పెద్ద సంస్థలు వున్నాయి. పెట్టుబడి కొరత లేదు. కాని యిది పైనుంచి పుట్టింది. 1974 నాటి పాఠం తెలిసినవాళ్లం గనుక, డ్రైవరు ఓటుకు ఎంత బరువు వుంటుందో చూసి మాట్లాడాలి. చేనేతలో బెంగుళూరు కేంద్రంగా గోకోప్ వుంది. సంఘాల బట్టను నేరుగా కొనుగోలుదార్లకు చేర్చింది, 2016లో జాతీయ పురస్కారం పొందింది. పేరులో సహకారం వుంది, అమ్మేది సహకార సంఘాల సరుకు. కాని సంస్థ ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ.

వీటిని నేను నిందించటం లేదు. వేర్వేరు వస్తువులను ఒకే పేరుతో పిలవవద్దంటున్నాను. తక్కువ కమీషను తీసుకొనే యజమాని మంచి యజమాని, ఐనా యజమానే. ఒక అంగడి సహకారమో కాదో తేల్చటానికి మూడు ప్రశ్నలు చాలు. చూపించే వరసనూ కమీషనునూ మార్చే నియమం ఎవరి ఓటుతో మారుతుంది? కొన్నవాళ్ల వివరాలూ లెక్కలూ సభ్యుడు అడిగితే చూడగలడా? నడిపేవాణ్ణి సభ్యులు దించగలరా? మూడింటికీ జవాబు దొరకకపోతే, బోర్డుమీద ఏమి రాసివున్నా అది పరుల అంగడే.

7

ఇక్కడ రెండువైపులనుంచి ఆక్షేపణ వస్తుంది.

ఎడమవైపునుంచి వచ్చే ఆక్షేపణ బలమైనది. రోజా లక్సెంబర్గ్ సంస్కరణవాదులతో వాదిస్తూ ఉత్పత్తి సహకార సంఘాల బలహీనతను చూపించింది. పోటీ మార్కెట్టులో బతకాలంటే సంఘంలోని పనివాళ్లు తమకు తామే పెట్టుబడిదారులై తమనే పిండుకోవాలి. లేదా సంఘం విచ్ఛిన్నమవుతుంది. కొనేవాళ్లను ముందుగా ఖాయపరుచుకొన్నప్పుడే అది బతుకుతుంది అని ఆమె వాదన. ఇది నిజం. రాజోలి సంఘం రేపు సొంత అంగడి పెట్టినా, మరమగ్గం ధరతో పోటీ పడాలంటే తన మజూరీ తానే కోసుకోవాలి. కొనేవాళ్లను ఖాయపరిచే శక్తి మన దగ్గర ప్రభుత్వానికి వుంది. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు సిరిసిల్ల మరమగ్గాలమీద తయారైనాయి. మరమగ్గం కార్మికుడికి పని దొరకటం తప్పు కాదు. ప్రభుత్వం తలచుకొంటే కొనుగోలును ఖాయపరచగలదని మాత్రం అది రుజువు చేసింది.

దీన్నిబట్టి సహకారాన్ని వదిలెయ్యమనటం మార్క్సిజం కాదు. 1864లో ఇంటర్నేషనల్ ప్రారంభోపన్యాసంలో మార్క్స్ సహకార ఫ్యాక్టరీలను గొప్ప సామాజిక ప్రయోగంగా మెచ్చుకొన్నాడు. యజమాని లేకుండా పెద్ద ఎత్తున ఉత్పత్తి సాగుతుందని అవి వాదనతో కాక ఆచరణతో చూపాయన్నాడు. ఆ వెంటనే, చెదురుమదురు ప్రయత్నాలుగా వుండిపోతే అవి శ్రామికజనాన్ని విముక్తి చెయ్యలేవనీ, జాతీయ స్థాయికి ఎదగాలంటే రాజకీయాధికారం కావాలనీ హెచ్చరించాడు. మన మిత్రుల్లో కొందరు మెప్పు మాత్రమే చదువుతారు, కొందరు హెచ్చరిక మాత్రమే చదువుతారు. రెండూ ఒకే ఉపన్యాసంలో వున్నాయి.

కుడివైపునుంచి వచ్చే ఆక్షేపణ: "నేతగాళ్లు యాప్ నడపగలరా?" ఈ ప్రశ్న వేసేవాళ్లు ఆ యాప్‌ను పెట్టుబడిదారు స్వయంగా రాసుకోలేదని మరిచిపోతారు. జీతమిచ్చి రాయించుకొన్నాడు. సంఘాలు కూడా జీతమిచ్చి రాయించుకోగలవు. కేరళలో 1925లో కూలివాళ్లు పెట్టుకొన్న ఉరాలుంగల్ కార్మిక సంఘం రోడ్లూ వంతెనలూ కట్టి, ఈ శతాబ్దంలో కోళికోడులో సైబర్ పార్కు కూడా కట్టింది. తెలివి అద్దెకు దొరుకుతుంది. ఓటు అద్దెకు దొరకదు.

8

రాజోలికి ఏమి కావాలి? మొదట యాప్ కాదు. యాప్ మొదట పెట్టి సభ్యులను తర్వాత వెతికితే కాగితపు సంఘానికి బదులు తెరమీది సంఘం తయారవుతుంది. మొదట కావలసింది సక్రమంగా ఎన్నికలు జరిగే సంఘం. దానికి కావలసిన నూలూ పట్టూ ఉమ్మడిగా కొనటానికి పరపతి. మగ్గానికి మొదటి కొస విడిపించకుండా రెండో కొస విడిపిస్తే షావుకారు అప్పు రూపంలో మళ్లీ లోపలికి వస్తాడు. ఆ తర్వాత అంగడి. అది ఒక్క ఊరి సంఘం మొయ్యగల బరువు కాదు. రాజోలీ, గద్వాలా, పోచంపల్లీ, నారాయణపేటా సంఘాలు సమాఖ్యగా చేరి, ఒకే పేరున, ఒకే గిడ్డంగితో పెట్టుకోవలసిన పని. ప్రభుత్వం కాలువ తవ్వాలి. అంటే పరపతి యివ్వాలి, కొనుగోలు హామీ యివ్వాలి, నియమాలు సడలించాలి. నీటివంతు మాత్రం సభ్యులు నిర్ణయించుకోవాలి.

ఇంకొక విషయం. సభ్యులెవరు? ఇది అందరూ దాటవేసే ప్రశ్న. మగ్గంమీద కూర్చొన్న ఒక్కడి చేతినుంచే చీర రాదు. కండెలు చుట్టే భార్య, పడుగుకు సాయం పట్టే తల్లి, రంగు అద్దేవాడు, వీళ్లందరి పనీ అందులో వుంది. మజూరీ ఒక పేరున వస్తుంది, సభ్యత్వమూ ఆ పేరునే వుంటుంది. రాజోలిలో ఒక ఇంట్లో కండెలు చుడుతున్న పెద్దమ్మను "నువ్వు సంఘంలో వున్నావా అమ్మా?" అని అడిగాను. "సంఘంలో ఆయన వున్నాడు నాయనా, పనిలో నేనున్నాను" అన్నది. షోల్జ్ పుస్తకాలకూ మన సహకార చట్టాలకూ కలిపి యింతకంటె మంచి విమర్శ నేను వినలేదు. ఆమెకు ఓటు లేని అంగడి ఆన్‌లైనులో వున్నా ఆఫ్‌లైనులో వున్నా ప్రజాస్వామికం కాదు.

అలాగే చీర పెట్టె మోసుకొని మోటారు సైకిలుమీద వచ్చే కుర్రవాడు కూడా యీ లెక్కలో వున్నాడు. రాజస్థాన్ 2023లోనూ, కర్ణాటక 2025లోనూ ఇటువంటి పనివారికోసం చట్టాలు చేశాయి. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బయటపెట్టారు. ఆ చట్టాల కోసం పోరాడే యూనియన్లూ, నేత సంఘాలూ ఒకరినొకరు ఎరగకుండా వుండటం పెట్టుబడికి పెద్ద సౌకర్యం. నేతగాడికి న్యాయమైన మజూరీ యిచ్చి, ఆ చీరను మోసేవాడికి న్యాయమైన కూలి ఎగవేసే సహకార అంగడి తన పేరుకు తగదు.

చివరగా మన సంగతి. ఈ పత్రిక చదివేవాళ్లలో అధ్యాపకులూ విద్యార్థులూ ఎక్కువ. నేతగాడి కష్టంమీద మనం కవితలు రాశాం, ఆగస్టు 7న చేనేత దినోత్సవానికి చేనేత బట్ట కట్టుకొంటాం. మంచిదే. కాని సంఘం జమాఖర్చులు చదవటం ఎందరికి వచ్చు? ఒక సర్వసభ్య సమావేశంలో కూర్చొని, లెక్క అర్థంకాని సభ్యుడి పక్కన ఆ లెక్క విప్పి చెప్పే పని ఎందరు చేశారు? ఆన్‌లైను అంగడి నియమావళి ఇంగ్లీషులో వుంటుంది. దాన్ని తెలుగులోకి తెచ్చి, ఏ వాక్యంలో ఏ కోత దాగివున్నదో చెప్పే పని ఎవరు చేస్తారు? కామర్సు విద్యార్థికీ, కంప్యూటరు విద్యార్థికీ, తెలుగు అధ్యాపకుడికీ కలిసి చెయ్యదగిన పని ఇంతకన్నా ఏముంది? ఈ సెలవుల్లో నలుగురు విద్యార్థులు తమకు దగ్గరలో వున్న ఏదో ఒక నేత సంఘానికి వెళ్లి, చివరి ఎన్నిక ఎప్పుడు జరిగిందో, చివరి సర్వసభ్య సమావేశం ఎప్పుడు జరిగిందో, సభ్యుల పట్టికలో స్త్రీలు ఎందరో రాసుకొని వస్తే చాలు. ఆ మూడు అంకెలతో మొదలుపెడదాం.